నిమ్మకాయ జాబితాలో లేని మాటలు

"చేతులు తడిసినవాడు వాడొక్కడే. ఇంకేం కావాలి నీకు?"

రాయిస్ టిల్లరీ ఈ మాట అనడం ఇది మూడోసారి. మూడుసార్లూ అదే నవ్వు. ఆ నవ్వు చూస్తుంటే మారికా హుదాక్‌కి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. యంగ్స్‌టౌన్ పోలీసుల హత్యల విభాగంలో తొమ్మిదేళ్ళు ఆమె పై అధికారి ఇతనే. రెండేళ్ళ క్రితం ఉద్యోగం వదిలేసి మ్యూల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సెక్యూరిటీ చీఫ్‌గా చేరాడు. ఇప్పటికీ ఆమె తన కిందే పనిచేస్తున్నట్టు మాట్లాడతాడు.

"నాక్కావాల్సింది నువ్వు ఈ గదిలోంచి బయటికి పోవడం."

"మెల్లగా, మారికా. ఇది మా భవనం."

"ఒక మనిషి ఆ టబ్బులో మెదడు వాచి దొరికాడు. అప్పట్నుంచి ఇది నాది."

టైము మధ్యాహ్నం ఒంటిగంట నలభై. ఆగస్టు ఆఖరి మంగళవారం. జట్టులో ఉన్న తొంభైమందిలో యాభై ముగ్గుర్ని ఉంచి మిగతావాళ్ళని ఇంటికి పంపేసే రోజు. సాయంత్రం నాలుగింటికి జాబితా పైకి, లీగ్ ఆఫీసుకి వెళ్ళాలి. ఆ తర్వాత పేరు లేనివాడు ఆటగాడు కాదు.

"అందుకే చెప్తున్నా," అన్నాడు టిల్లరీ. "నాలుగుకి ముందే స్ట్రింగర్‌ని తీసుకుపో. హంతకుడి పేరు మా జాబితాలో ఉంటే ఏం బాగుంటుంది?"

"ఆల్సీడ్ బ్రూసార్డ్ ఇంకా బతికే ఉన్నాడు. హంతకుడంటున్నావేంటి? ఆశ పడుతున్నావా?"

టిల్లరీ నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే!

అతను చెప్పిన లెక్క ఇది. ఆల్సీడ్ బ్రూసార్డ్, ముప్ఫైమూడేళ్ళు, పదకొండేళ్ళుగా మ్యూల్స్ సెంటర్. అంటే వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించి, మరుక్షణం ఎదురుగా దూసుకొచ్చే కొండలాంటి మనిషిని తలతో ఢీకొనేవాడు. పొద్దున ఐదు యాభై ఆరుకి కార్డు గీకి లోపలికొచ్చాడు. ఆరూ నాలుగుకి జూబల్ స్ట్రింగర్ వచ్చాడు. అతనూ సెంటరే, కొత్తవాడు. ఆరూ నలభై ఒకటికి అంబులెన్సుకి ఫోన్ చేసింది కూడా స్ట్రింగరే. ఐస్ టబ్బులో ఆల్సీడ్ పడి ఉన్నాడు, తనే బయటికి లాగానన్నాడు. ఆ తలుపు దగ్గర ఇంకెవరి కార్డూ పడలేదు. ఆ కార్డుల లెక్క ఉండేది మాత్రం టిల్లరీ దగ్గరే.

"ఇద్దరు సెంటర్లు, ఒకే చోటు," అన్నాడు టిల్లరీ. "ముసలాడు పోతే పిల్లాడు ఉంటాడు. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది."

"ఆ నడవాలో కెమెరా?"

"శనివారం నుంచి రిపేరు."

"ఎంత కలిసొచ్చిందో!"

ఆమె అతని మొహం మీదే తలుపేసింది.

ఆటగాళ్ళకి టేపులు కట్టి దెబ్బలు చూసే ట్రైనింగ్ గదిలో వరసగా ఎనిమిది బల్లలు, గోడవారగా మూడు స్టీలు టబ్బులు. మధ్య టబ్బులో ఇంకా సగం కరిగిన ఐస్ తేలుతోంది. అంచు ఆమె నడుం దాకా వస్తోంది. ఆల్సీడ్ నూట నలభై కిలోల మనిషి. భుజాలు అంచుల మధ్య ఇరుక్కుపోవడంతో ముక్కు నీళ్ళ పైన ఉండిపోయింది. లేకపోతే ఇవాళ అతను వెళ్ళేది ఆసుపత్రికి కాదు, మార్చురీకి.

మూడో బల్ల మూలకి వంగి చూసింది. రెక్సిన్ మీద గోధుమరంగు మరక, చుట్టూ తుడిచిన గీతలు. తుడిచినవాడికి తొందరెక్కువ. మూల కింద, రెక్సిన్ కుట్టులో, మూడు వెంట్రుకలు. నల్లవి, పొట్టివి, ఒకటి నెరిసింది. సంచిలో వేసింది.

అప్పుడే ఆసుపత్రి నర్సు పంపిన ఫోటోలు ఫోన్లో వచ్చాయి. తలగాయం. చేతులు. కాళ్ళు...

కాళ్ళ దగ్గర ఆగిపోయింది.

రెండు చీలమండలకీ తెల్ల టేపు చుట్టి ఉంది! మడమ వదిలేసి, పిక్క కింది దాకా, గట్టిగా. తడిసి చర్మాన్ని పట్టుకుని బిగుసుకుపోయింది. కింద నర్సు రాసింది: 'కత్తిరించడానికి ఇరవై నిమిషాలు పట్టింది.'

మారికా తమ్ముడు కాలేజీలో నాలుగేళ్ళు ఆడాడు. ఈ ఊళ్ళో ఎవరి తమ్ముడు ఆడలేదు గనక! టేపు కట్టేది మైదానంలోకి వెళ్ళేముందు. ఆట అయ్యాక ముందు టేపు కోసేస్తారు, తర్వాతే ఐస్. టేపుతో నీళ్ళలో దిగినవాణ్ణి ఆమె పుట్టి ఎరగదు. అంటే ఆల్సీడ్ టబ్బులోకి దిగలేదు. ప్రాక్టీసుకి తయారైనవాణ్ణి ఎవరో ఎత్తి పడేశారు.

నడుం ఎత్తు అంచు. నూట నలభై కిలోలు. స్పృహ లేని బరువు. ఒక్కడి వల్ల కాదు. బయటికి లాగడం వేరు, పైకెత్తి లోపల వెయ్యడం వేరు.

ఫోటోని పెద్దది చేసింది. టేపు చివర వేలెడు మేర వెనక్కి మడిచి ఉంది, పట్టుకుని లాగడానికి తోకలాగా. రెండు కాళ్ళకీ అంతే.

జూబల్ స్ట్రింగర్‌ని సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఇరవైమూడేళ్ళు, మిసిసిపీ. రెండు కుర్చీలు కలిపితే గాని సరిపోని మనిషి. ఆమె లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చో."

"పర్లేదు మేడమ్."

"కూర్చోమన్నానా!"

కూర్చున్నాడు. చొక్కా చేతులు ఎండి అట్టకట్టి ఉన్నాయి.

"ఆరూ నాలుగుకి లోపలికొచ్చావు. ఆరూ నలభై ఒకటికి ఫోన్ చేశావు. మధ్యలో ముప్ఫై ఏడు నిమిషాలు. ఎక్కడున్నావు?"

"చెప్తే నవ్వుతారు మేడమ్."

"నా మొహం నవ్వే మొహంలా ఉందా?"

అతను ఆమె మొహం చూశాడు. లేదని అర్థమైంది.

"లాండ్రీ గదిలో. తువ్వాళ్ళ బండిలో. పైన తువ్వాళ్ళు కప్పుకుని."

"ఎందుకు?"

"కత్తెరకి దొరక్కుండా." గొంతు తగ్గించాడు. "టిల్లరీ సర్‌ని మేమలా అంటాం. ఇవాళ ఆయనే వస్తాడు. భుజం తట్టి, 'కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ తీసుకురా' అంటాడు. ప్లేబుక్ తెమ్మన్నారంటే అయిపోయినట్టే మేడమ్, ఆ ఆట ఎత్తుల పుస్తకం వెనక్కిచ్చేసి ఇంటికే. మూడు జట్లలో మూడుసార్లు విన్నా ఆ మాట. ప్రతిసారీ వెళ్ళి కోళ్ళ ఫ్యాక్టరీలో పడ్డా. కోళ్ళని తలకిందులుగా కొక్కేలకి తగిలించాలి, నిమిషానికి ఇరవై. నేను కనబడకపోతే నన్ను తియ్యలేరు కదా అనుకున్నా. నాలుగింటిదాకా దాక్కుంటే..."

"దాక్కుంటే జాబితాలో ఉండిపోతావా?"

"ఇప్పుడు వింటుంటే నాకే వెర్రిగా ఉంది."

ఇంకో రోజైతే ఆమె నిజంగానే నవ్వేది.

"లాండ్రీ గదికీ ట్రైనింగ్ గదికీ మధ్య గోడలో కంత ఉంది, మురికి తువ్వాళ్ళు విసరడానికి," అంది. "నీ బండి దాని కిందే. ఏం విన్నావు?"

అతను అట్టకట్టిన చొక్కా చేతిని గోటితో గీకుతున్నాడు.

"జూబల్! ఆ మనిషిని నువ్వే బయటికి లాగావు. ఊపిరి పోస్తూ ఎనిమిది నిమిషాలు ఛాతీ నొక్కావని అంబులెన్సువాళ్ళే చెప్పారు. ఇప్పుడు నీ నెత్తినే రుద్దుతున్నారు. నోరు విప్పు!"

"మాటలు విన్నా." నేల చూస్తూ చెప్పాడు. "పరీక్ష మాటలు. తలదెబ్బ తగిలితే ఐదు మాటలు చెప్తారు, తిరిగి చెప్పాలి. తర్వాత నెలలు వెనకనుంచి చెప్పాలి. అందరం బట్టీ పట్టేస్తాం మేడమ్. నాకు ఆల్సీడే నేర్పాడు, మొదటిరోజే. నిమ్మకాయ, కుర్చీ, గుర్రం, దీపం, మేకు. నిమ్మకాయ జాబితా అంటాం. కళ్ళు తిరుగుతున్నా చెప్పేస్తాం. 'ఇది వచ్చిందంటే పదేళ్ళు ఆడతావురా' అన్నాడు."

మారికా పిడికిలి బిగుసుకుంది. తమ్ముడికి ఇప్పుడు నలభైయొక్కటి. కారు తాళం ఫ్రిజ్‌లో పెడతాడు.

"ఇవాళ విన్నది కూడా అదేనా?"

"కాదు, అదే విచిత్రం. ఆల్సీడే అడిగాడు. 'నిన్న తల కొట్టుకున్నప్పట్నుంచి రెండు బంతులు కనబడుతున్నాయి. నిన్న నిమ్మకాయ చెప్పేశా. అది అబద్ధం. నాకు రాని జాబితాతో పరీక్ష పెట్టండి' అన్నాడు. అప్పుడు ఇంకేవో మాటలు చదివారు. వంతెన, సబ్బు, చిలక, గొడుగు, ఉప్పు. ఆల్సీడ్ రెండే చెప్పాడు. మళ్ళీ చదివారు. రెండే. మళ్ళీ, మళ్ళీ... 'వచ్చేదాకా చదువు, వాడు పాసవ్వాలి' అంది ఇంకో గొంతు. దెబ్బ ఉందని రాస్తే ఇవాళ అతన్ని తియ్యడానికి లేదు కదా మేడమ్. జీతమిచ్చి ఆరునెల్లు అట్టిపెట్టుకోవాలి."

"తర్వాత?"

"ఆల్సీడ్ అరిచాడు. బూతులు. లేచినట్టున్నాడు. ధబ్బుమని చప్పుడు. తర్వాత ఐస్ పోస్తున్న చప్పుడు. నేను... పదకొండు నిమిషాలు ఆ బండిలోనే కూర్చున్నా మేడమ్. అడుగుల చప్పుడు పూర్తిగా పోయేదాకా. గడియారం చూసుకుంటూ కూర్చున్నా."

"ఇంకో గొంతు ఎవరిది?"

స్ట్రింగర్ గోడ గడియారం వైపు చూశాడు.

"తెలీదు మేడమ్."

"తెలుసు!"

"నాలుగు దాటాక అడగండి," అన్నాడు. "దయచేసి."

తిట్టాలనిపించింది. తిట్టలేదు. తలుపు మాత్రం గోడకి కొట్టుకునేలా తోసుకుని బయటికి నడిచింది.

ఆ పరీక్షలు పెట్టే హెడ్ ట్రైనర్ గ్లెన్ పెట్రాక్ తన గదిలో కాఫీ తాగుతున్నాడు. అరవైరెండేళ్ళు, ముప్ఫై ఏళ్ళుగా ఈ జట్టు చీలమండలన్నీ అతని చేతిలోంచే వెళ్ళాయి. మారికా వాళ్ళమ్మకి, ఇతని భార్యకి చర్చిలో ఒకే బెంచీ. ఆ మొహమాటం ఆమె గుమ్మం దగ్గరే వదిలేసి వచ్చింది.

"పొద్దున ఎక్కడున్నారు?"

"పైన మీటింగులో. ఆరు ముప్పావుదాకా."

"ఆల్సీడ్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న నాలుగింటికి. పరీక్ష పెట్టాను. ఐదుకి ఐదు. ఇదిగో కాయితం."

"అంటే ఇవాళ చూడలేదు."

"లేదమ్మా."

ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది. తడి టేపు. వేలెడు మడత.

"ఈ మడత ఎవరిదండీ?"

పెట్రాక్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"మీ దగ్గర పనిచేసే నలుగురినీ అడిగాను. ఎవరూ చివర మడవరట. 'అది గ్లెన్ గారి తోక' అన్నారు. ఆల్సీడ్ కాళ్ళని పదకొండేళ్ళలో ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదట కూడా. మరి పొద్దున ఈ టేపు ఎవరు కట్టారు? పైనుంచి దేవుడు దిగొచ్చాడా?"

"నిన్నటిది అయ్యుండొచ్చు..."

"నిన్న సాయంత్రం కోసింది మీరే. మీ కాయితంలోనే ఉంది. ఇంకో అబద్ధం చెప్తే ఈ బల్ల మీద మీ కాఫీ ఉండదు, మీ చేతులకి బేడీలుంటాయి! మీ మెళ్ళో వేలాడే ఆ తాళం ఇవ్వండి. సొరుగుది."

అతను కదల్లేదు. ఆమే తీసుకుంది. సొరుగులో చింపిన కవరు. లీగ్ ముద్ర, సోమవారం సాయంత్రం అందినట్టు సంతకం. లోపల కొత్త పరీక్ష కాయితం. మొదటి వరస గట్టిగా చదివింది.

"వంతెన. సబ్బు. చిలక. గొడుగు. ఉప్పు."

పెట్రాక్ కళ్ళు మూసుకున్నాడు.

"నిన్న సాయంత్రం వచ్చిన కవరు. తాళం మీ మెళ్ళో. లోపలి మాటలు గోడ అవతల తువ్వాళ్ళ కింద నక్కిన కుర్రాడికి వచ్చు. ఎన్నిసార్లు చదివారు వాటిని? అతను తల పట్టుకుంటుంటే ఎన్నిసార్లు?"

"ఏడు," అన్నాడు. "ఏడుసార్లు. చాలన్నాను నేను. నిజంగా చాలన్నాను. అతను లేచాడు, తూలాడు, బల్ల మూల తగిలింది. ఫిట్స్ వచ్చినట్టు వొళ్ళంతా కొట్టుకుంది. అంబులెన్సు పిలుద్దామన్నా. 'ఇక్కడ పడితే మన తప్పు, నీళ్ళలో పడితే వాడి తప్పు' అన్నాడు. కాళ్ళు నేను పట్టుకున్నా. పదకొండేళ్ళు నేను టేపు కట్టిన కాళ్ళు..."

"ఎవడన్నాడు?"

పెట్రాక్ తలూపాడు, అడ్డంగా.

"నాకు మనవలున్నారమ్మా. నన్ను తీసుకుపో. పేరు మాత్రం అడక్కు."

"ఆల్సీడ్‌కీ ఇద్దరు కూతుళ్ళున్నారు!" ఆమె అరుపు నడవా చివరిదాకా వినబడింది. తలుపు దగ్గర నిలబడ్డ పోలీసు లోపలికి తొంగిచూశాడు. "ఈయన్ని తీసుకెళ్ళి కార్లో కూర్చోబెట్టు. ఫోన్ తీసేసుకో."

మూడూ నలభై రెండు. మిగిలిన సాక్షి ఒక్కడే. అతనికి పద్దెనిమిది నిమిషాలు నోరు మూసుకుంటే చాలు, జీవితం కోరుకున్నట్టు అయిపోతుంది.

ఆమె వెళ్ళేసరికి సామాన్ల గది తలుపు తెరిచే ఉంది. స్ట్రింగర్ ఎదురుగా రాయిస్ టిల్లరీ నిలబడి, అతని భుజం మీద చెయ్యేశాడు.

"రా మారికా, సరిగ్గా టైముకొచ్చావ్. పిల్లాడికి మంచి కబురు." స్ట్రింగర్ వైపు తిరిగాడు. "కోచ్ పిలుస్తున్నాడు. ప్లేబుక్ అక్కర్లేదు."

స్ట్రింగర్‌కి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. మొహం మొత్తం మారిపోయింది. చిన్నపిల్లాడి మొహం అయిపోయింది.

"అక్కర్లేదా సర్?"

"ఉంచుకో. మొదటి ఆటకి సెంటర్‌వి నువ్వే. పదకొండేళ్ళు ఆల్సీడ్ పెట్టుకున్న అల్మారా కూడా నీదే. మారికా ఏదో రాసుకుంటోందట, తువ్వాళ్ళ బండి గురించి. బట్టల మిషన్ల మోతలో మనిషికి ఏవేవో వినబడతాయి. అవునా?"

"సిగ్గులేదూ నీకు?" అంది మారికా. "రెండు గంటల క్రితం వీణ్ణి హంతకుడన్నావ్!"

"పొరబడ్డా. పొరబడే హక్కు లేదా?" టిల్లరీ భుజం తట్టాడు. "చెప్పరా. ఏమీ వినలేదని ఒక్కమాట చెప్పు, పైకి పోదాం. పది నిమిషాలుంది."

మారికా స్ట్రింగర్ ముందు కూర్చుంది. వీణ్ణి బలవంతపెట్టే హక్కు తనకి లేదు. కొక్కేలకి కోళ్ళు తగిలించింది తను కాదు. అయినా కోపం ఆగలేదు.

"నేను నీకేమీ ఇవ్వలేను," అంది. "జట్టు లేదు, అల్మారా లేదు. నువ్వు నోరు విప్పితే ఈ లీగ్‌లో ఎవడూ నిన్ను ముట్టుకోడు. అబద్ధం చెప్పను. కానీ వచ్చే ఏడాది వీళ్ళు నీ తల పట్టుకుని మాటలు చదువుతారు. వచ్చేదాకా చదువుతారు."

"డిటెక్టివ్ ఉపన్యాసం బాగుంది," అన్నాడు టిల్లరీ.

గోడ గడియారం మూడూ యాభై ఆరు. యాభై ఏడు.

"ఆల్సీడ్ నాకు నిమ్మకాయ జాబితా నేర్పిన రోజు," అన్నాడు స్ట్రింగర్ నెమ్మదిగా, "తప్పు చెప్పినప్పుడల్లా నెత్తిన మొట్టాడు. సరదాగా. ఇవాళ మీరు చదివిస్తుంటే అతను... 'ఒక్క నిమిషం సర్, వస్తోంది, నోటిదాకా వస్తోంది' అన్నాడు. మిమ్మల్ని 'సర్' అన్నాడు టిల్లరీ సర్. మీకు గుర్తుందా?"

టిల్లరీ వేళ్ళు అతని భుజం మీద బిగుసుకున్నాయి.

"'వచ్చేదాకా చదువు' అన్నది మీరే. నేను విన్నాను. నా భుజం మీద చెయ్యి తియ్యండి."

టిల్లరీ చెయ్యి తీశాడు. ఫోన్ తీసి ఒక్కమాటే అన్నాడు: "స్ట్రింగర్ వద్దు." పెట్టేశాడు. తర్వాత చేతులు కట్టుకుని గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. ముల్లు పన్నెండు దాటాక ఇటు తిరిగాడు.

"నాలుగైంది. జాబితా పోయింది, నీ పేరు లేదు. ఇప్పుడు నువ్వు ఎవడివి? తీసేసిన అక్కసుతో కూసే కూలోడివి. ట్రైనర్ నోరు విప్పడు. నీ మాట ఏ కోర్టు నమ్ముతుంది?"

స్ట్రింగర్ లేచి నిలబడ్డాడు. మొదటిసారి అతని పూర్తి ఎత్తు ఆ గదిలో కనబడింది.

"అంటే ఇంక నా దగ్గర తియ్యడానికి మీకేం మిగల్లేదు కదా." ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, రాసుకుంటున్నారా? మొత్తం చెప్పలేదు నేను. ఇంకోటుంది."

"చెప్పు."

"టబ్బులోకి ఎత్తేప్పుడు పెట్రాక్ సర్ ఏడుస్తున్నారు, చచ్చిపోతాడు చచ్చిపోతాడని. దానికి ఈయన, 'ఓటిస్ అప్పుడూ ఇలాగే ఏడిచావ్. ఏమైంది? సరస్సులో పడ్డాడన్నాం. ఫైలు మూసేశారు' అన్నాడు."

మారికా కలం ఆగిపోయింది.

ఓటిస్ యార్‌బ్రో. మ్యూల్స్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు. పోయిన ఆగస్టులో, జాబితా వెళ్ళిన మర్నాడు, మస్కీటో సరస్సులో చేపల పడవ తిరగబడి పోయాడు. నుదుటి మీద దెబ్బ ఉంది, పడవ అంచు తగిలిందన్నారు. రెండు పేజీల నివేదిక. ఆ వారం ఆమెకి పని ఎక్కువ. టిల్లరీ కాఫీ, డోనట్లు పట్టుకుని పాత స్నేహంతో ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. కూర్చుని, ఓటిస్ ఈత రానివాడని తనే చెప్పాడు. 'ప్రమాదం' అని రాసి, కింద సంతకం పెట్టింది ఆమే.

తల ఎత్తింది. టిల్లరీ ఇప్పుడు స్ట్రింగర్ వైపు చూడటంలేదు. తన వైపు చూస్తున్నాడు. నవ్వు మళ్ళీ వచ్చింది.

"రాసుకో మారికా. అక్షరం పోకుండా రాసుకో," అన్నాడు, చాలా మెల్లగా. "తర్వాత ఇద్దరం కలిసే కోర్టుకెళ్దాం. ఆ ఫైలు మూసిన సంతకం ఎవరిదని అడిగినప్పుడు, నీకు కాఫీ తెచ్చింది నేనేనని నువ్వే చెప్పు."